మూడో తడి అయ్యేదాకా

మా అత్తగారి పేరు బురుల్. ఇరవై మూడేళ్లు ఆమె చేతి రొట్టె తిన్నాను, ఆమె పక్కనే పడుకున్నాను గాని ఆ పేరు నా నోట ఒక్కసారి కూడా రాలేదు. కోడలి నోట అత్తమామల పేర్లు రాకూడదు. ఊళ్లో చిన్నా పెద్దా అందరూ అపా అనేవాళ్లు, నేనూ అలాగే పిలిచాను. ఈ చలికాలం ఆమె పోయింది. నలభయ్యో రోజు కూడా అయిపోయింది. కాగితం మీద రాస్తే పలికినట్టు కాదులే అనుకుని రాస్తున్నాను.

అప్పట్లో మేము ఊళ్లో ఉండేవాళ్లం కాదు. మా ఊరు తాష్‌కోరోకి పైన, లోయ సన్నబడే చోట, కట్ట పక్కనే మా ఇల్లు. కట్ట పెద్దదేం కాదు. ఈ చివర నిలబడి పిలిస్తే ఆ చివర ఉన్నవాడు తల తిప్పుతాడు. దాని వెనక నీళ్లు కొండల మధ్య వంకర తిరిగి, గుర్రం మీద అరగంట దూరం పైకి పోతాయి. నీళ్లకు అటూ ఇటూ అంతా అభయారణ్యం. అక్కడ తుపాకీ పేలకూడదు, గొర్రెలు మేయకూడదు, అర్చా చెట్టు కొమ్మ విరవకూడదు. అడవి సర్కారుది, కొండమేకలూ ఎలుగుబంట్లూ సర్కారువే. నీళ్లు మాత్రం కింద ఊరివి. నూట ఇరవై ఇళ్ల బంగాళాదుంపలూ పశువుల గడ్డీ ఆ ఒక్క తూమునుంచి వేసవిలో వచ్చే మూడు తడుల మీదే బతకాలి.

అపా పంతొమ్మిదో ఏట ఆ ఇంటికి కోడలిగా వచ్చింది. మామగారు తూము కాపలాదారు. ఆయన ఊపిరితిత్తుల జబ్బుతో పోయేనాటికి మా ఆయన ఎర్మెక్‌కి ఏడేళ్లు. ఎలుగుబంట్ల మధ్య ఏడాది పొడుగునా కాపురం ఉండటానికి ఇంకెవరూ ముందుకు రాలేదు. నీళ్ల ఆఫీసు అధికారి కాగితం తెచ్చి, "ఆడమనిషికి ఇచ్చామని ఉంటే పైవాళ్లు ఒప్పుకోరు, తాత్కాలికం అని రాస్తాను" అన్నాడట. ఆ తాత్కాలికం ఇరవై ఏళ్లు నడిచింది. ఒళ్లు నొప్పులన్నప్పుడల్లా, "నాకేం, తాత్కాలికపు మనిషిని, రేపో మాపో అసలువాడొస్తాడు" అనేది.

రోజూ తెల్లారగానే ఇనప మెట్లు దిగి కొలత పలక చూసి వచ్చేది. ఫోనులో ఆఫీసు కుర్రవాడితో రోజూ ఇదే గొడవ.

"ఎంతుందపా ఇవాళ?"

"నిన్నటికంటే నాలుగు వేళ్లు తక్కువ."

"వేళ్లు రాసుకోను, సెంటీమీటర్లు చెప్పు."

"చలికి నా వేళ్లు ముడుచుకున్నాయి, నీవి తెచ్చి కొలుచుకో. ఏడు రాసుకో."

ఆ ఏడు ఎప్పుడూ తప్పు కాదు. తూములోంచి పడే నీళ్ల చప్పుడు విని, కమ్ములకు చెత్త అడ్డం పడిందో లేదో వంటింట్లోంచే చెప్పేది. ఎర్మెక్ పెద్దవాడై అభయారణ్యంలోనే కాపలా ఉద్యోగంలో చేరాడు. వారంలో నాలుగు రోజులు గుర్రం మీద పైనే తిరిగేవాడు. "తల్లి నీళ్లు లెక్కపెడుతుంది, కొడుకు మేకల్ని లెక్కపెడతాడు, అందులో ఒక చుక్కా మనది కాదు, ఒక బొచ్చూ మనది కాదు" అని అపా నవ్వేది. నేను ఆ ఇంటికి వచ్చిన కొత్తలో ఆ నవ్వుకి భయపడేదాన్ని. తర్వాత అలవాటైంది.

కట్ట మీద కాపురం ఉన్నవాళ్లకు ఒక సంగతి బాగా తెలియాలి. చలికాలంలో నీళ్లు గట్టిగా గడ్డ కడతాయి. గొర్రెల మంద నడిచినా కదలదు. కాని ఆ సమయంలో తూము తెరిచి నీళ్లు దించితే, పైనున్న మంచుగడ్డ నీళ్లతోపాటు దిగదు. ఒడ్డులను పట్టుకుని వేలాడుతుంది. కింద అంతా బోలు. పైనుంచి చూస్తే తేడా ఏమీ కనపడదు, అదే తెల్లదనం, అదే మంచు. అందుకని నీళ్లు దించిన రోజునే మంచు మీదికి దిగే మూడు దారుల్లోనూ కర్ర పాతి ఎర్రగుడ్డ కట్టాలి. రెండు దారులు కట్ట దగ్గరే. మూడోది నీళ్ల పై చివర, అడవిలోంచి వచ్చేవాళ్లు దిగే చోటు.

ఆ ఏడాది మా పాపకు పదకొండో నెల. మార్చిలో నౌరోజ్ పండగ ముందు రోజు ఆఫీసునుంచి ఫోను వచ్చింది. పైన మంచు ఎక్కువ పడింది, కరిగి వరద వచ్చేలోపు రెండు మీటర్లు దించమన్నారు. అపా చక్రం తిప్పింది. దగ్గరి రెండు కర్రలూ తనే పాతింది. మోకాలు వాచి ఉండటంతో మూడోది నా చేతికిచ్చింది.

"ఎర్మెక్ ఎల్లుండికి గాని రాడు. అయినా ఇవాళే పాతిరా. రేపు అనకు."

గుర్రం మీద జీను వేస్తుండగానే కింద ఊరినుంచి అనార్‌కుల్ వచ్చింది. వాళ్లింట్లో పండగకి సుమోలోక్ కాస్తున్నారు. గోధుమ మొలకల పాలు పొయ్యి మీద పెట్టాక గరిట ఒక్క క్షణం ఆగకూడదు. అడుగంటితే ఆ ఏడాది ఆ వీధికే మంచిది కాదంటారు. తిప్పే ఆడవాళ్లు చాలడం లేదంది.

"చంటిపిల్ల తల్లివి, నీ చెయ్యి పడితే తియ్యగా వస్తుంది. ఒక్క వంతు తిప్పి వచ్చెయ్."

పాపని వీపుకి కట్టుకుని వెళ్లాను. ఒక వంతు రెండయింది. పాటలు పాడారు, నవ్వుకున్నాం. చాలా రోజులైంది నేను పదిమంది ఆడవాళ్ల మధ్య కూర్చుని. బయటికి వచ్చేసరికి పొద్దు వాలింది, మంచు పడుతోంది. పొద్దున్నే పాతుదాంలే అనుకున్నాను. ఇంటికి రాగానే అపా, "పాతావా?" అంది. నేను పాప ముక్కు తుడుస్తూ తల ఊపాను.

మర్నాడు టీ నీళ్లు పెడుతున్నాను. అపా కట్ట మీద మంచు ఊడుస్తోంది. ఎర్మెక్ పండగకి ఇంట్లో ఉండాలని ఒక రోజు ముందే బయల్దేరాడు. పై దారిన దిగి, ఎప్పటిలాగే గుర్రం మీద మంచు మీదుగా అడ్డంగా వస్తున్నాడు. అపాని చూసి టోపీ తీసి ఊపాడట. ఆమె చీపురు పారేసి రెండు చేతులూ ఎత్తి వెనక్కి పొమ్మంది. అతను పండగ శుభాకాంక్షలనుకున్నాడేమో, మళ్లీ ఊపాడు. నాకు ఒక చప్పుడు వినిపించింది. కొండ మీదినుంచి రాయి దొర్లిందనుకున్నాను.

నేను పరుగెత్తుకు వచ్చేసరికి మంచు మధ్యన నల్లటి మడుగు. అందులో అతని టోపీ ఒక్కటే ఉంది.

అపా ఏడవలేదు. వాచిన మోకాలితో ఒడ్డు వెంబడే పై చివరిదాకా నడిచి వెళ్లింది. అక్కడ కర్ర లేదు. తిరిగి వచ్చి గుమ్మంలో నిలబడి నా మొహం చూసింది. జీను పక్కన ఎర్రగుడ్డ చుట్టిన కర్ర ఇంకా అలాగే ఆనించి ఉంది. దాన్ని తీసి రెండు ముక్కలు చేసి పొయ్యిలో పెట్టింది. గుడ్డ కూడా పెట్టింది.

మూడో రోజు జిల్లానుంచి మనుషులు వచ్చారు. నేను టీ పోస్తున్నాను.

"పై దారిలో గుర్తు ఎందుకు లేదు?"

"మరిచిపోయాను."

"ఇరవై ఏళ్లుగా మరిచిపోనిది ఇప్పుడే మరిచిపోయారా?"

"ముసలిదాన్నయ్యాను. రాసుకోండి. చదవడం రాదు గాని వేలిముద్ర వేస్తాను."

నేను కూజా కింద పెట్టి వాళ్లవైపు తిరిగాను. ఆమె ఇటు చూడకుండానే, "పిల్లా, వాళ్ల గిన్నెలు చల్లారాయి, వేడిది పొయ్యి" అంది. ఈ సీజను ఆఖరుకి ఆమెను తీసేసి వేరే మనిషిని వెయ్యాలని రాసుకుని వెళ్లారు. అందాకా వెయ్యడానికి మనిషి లేడు.

మగవాళ్లు మంచు పగలగొట్టి కొక్కేలతో వెతికారు. ఈతగాణ్ణి ఒకణ్ణి పంపారు. రెండు రోజులు మునిగి, ఆ బురద నీళ్లలో తన చెయ్యే తనకు కనపడటం లేదని వెళ్లిపోయాడు. వరద వచ్చింది. కట్ట అంచుదాకా నిండింది. మే నెలలో అతని గుర్రం తేలింది, జీనుతో సహా. అతను తేలలేదు.

మా దగ్గర మనిషి పోతే ఇంటి ముందు ఉన్ని గుడారం వేస్తారు. శవాన్ని అందులో పడుకోబెడతారు. ఆడవాళ్లం నల్లబట్టలు కట్టుకుని గోడవైపు తిరిగి కూర్చుని, పోయినవాడి గురించి పాడి ఏడుస్తాం. మగవాళ్లు బయట నిలబడి పెద్దగా ఏడుస్తారు. ఊళ్లో ముల్లా వచ్చి, శవం లేకపోయినా నమాజు చదవచ్చు, చదివేద్దాం అన్నాడు. అపా ఒప్పుకోలేదు.

"వాడు రానిదే గుడారమెవరికి వేస్తాం? ఖాళీ గుడారం ముందు ఏడిస్తే దానికి మొదలేది, చివరేది?"

నన్నూ నల్లగుడ్డ కట్టుకోనివ్వలేదు. పెళ్లినాటి పూల రుమాలే తలకి కట్టుకుని తిరిగాను. ఊళ్లోకి పిండికి వెళ్తే ఆడవాళ్లు మాటలు ఆపేసేవాళ్లు. ఒకావిడ వెనకనుంచి, "పెళ్లికూతురిలా ఉంది, మళ్లీ సంబంధం చూస్తున్నారేమో" అంది. నేను విధవనీ కాను, పెళ్లానీ కాను. నాకు ఒక్కటే కావాలి. అతన్ని ఆ నీళ్లలోంచి తీసి మట్టిలో పెట్టాలి. తూము పూర్తిగా తెరిస్తే అయిదారు రోజుల్లో అయిపోయే పని. ఆ చక్రం మా ఇంటికి ఇరవై అడుగుల దూరంలో ఉంది.

జూన్ మొదట్లో, మొదటి తడి ఇచ్చిన వారానికి, ఊరి పెద్దలు గుర్రాలెక్కి వచ్చారు. ముందు సత్కిన్ తాత. తొంభైకి దగ్గర పడ్డవాడు. పరుపు మీద కూర్చుని, రొట్టె విరిచి నోట్లో పెట్టుకుని, చేతులు తుడుచుకుని చెప్పాడు.

"బురుల్, నీళ్లు వదిలెయ్. బంగాళాదుంపలు ఒక ఏడు పండకపోతే చచ్చిపోం. మనిషి నీళ్లలో ఉండగా ఆ నీళ్లు చేలకి పెట్టుకుని తినడం మాకూ బాగా లేదు. ఊరంతా కలిసి చెప్పిన మాట ఇది."

నేను అపా మొహంలోకి చూశాను. అపా మాత్రం తాత వైపు చూడటం లేదు. ఆయన వెనక కూర్చున్న నలుగురి వైపు చూస్తోంది. వాళ్లలో ఒకడికి అయిదుగురు పిల్లలు. ఒకడు కొత్తగా గడ్డి విత్తనం చల్లాడు. నలుగురూ టీ గిన్నెల్లోకి చూస్తున్నారు.

"ఇది మీరు అనవలసిన మాట, అన్నారు. అల్లా మీకు మేలు చేస్తాడు" అంది అపా. "ఇప్పుడు నేను అనవలసిన మాట నేనంటాను. మూడో తడి అయ్యేదాకా తెరవను."

"మేము మనసులో ఒకటి పెట్టుకుని అనలేదమ్మా."

"మీరు అనలేదు తాతా. మీ వెనక ఉన్నవాళ్ల టీ అయిపోయింది, అయినా గిన్నె దించడం లేదు. పిల్లా, వాళ్లకి పొయ్యి."

నలుగురిలో ఒకడు ఏడ్చేశాడు. తాత చాలాసేపు గడ్డం రుద్దుకున్నాడు. వెళ్లేటప్పుడు గుమ్మం దగ్గర ఆగి, నీళ్లవైపు తిరిగి చేతులు చాచి ప్రార్థన చేశాడు. ఆ తర్వాత నెల రోజులు నేను అపాతో సరిగా మాట్లాడలేదు.

జూలైలో ఎండలు ముదిరాయి. నీళ్ల మీద చక్రవాకాలు జంటలుగా పిల్లల్ని వెంటేసుకుని తిరుగుతున్నాయి. ఒడ్డు మెల్లగా బయటపడుతోంది. అపా రోజూ మెట్లు దిగి కొలత చూసి ఫోనులో చెప్తోంది. ఆఫీసు కుర్రవాడు ఆమెతో హాస్యాలాడటం మానేశాడు. ఆమె కూడా వేళ్లు మాని సెంటీమీటర్లే చెప్తోంది.

ఒకరోజు తెల్లవారుతుండగా పాప ఇంకా నిద్రలో ఉంది. నేను లేచి వెళ్లి చక్రం పట్టుకున్నాను. గట్టిగా ఉంది. ఒళ్లంతా ఆనించి తోస్తే కదిలింది. ఒకటి, రెండు, మూడు, నాలుగు. కింద నీళ్ల చప్పుడు మారింది. అయిదో చుట్టుకి వెనకనుంచి మాట వినిపించింది.

"కాలు అలా పెట్టకు, జారితే దవడ పగులుతుంది."

అపా రాతి మీద కూర్చుని ఉంది. ఎప్పుడు వచ్చిందో తెలియదు. నేను చక్రం వదల్లేదు.

"మీ కొడుకు కాదా?" అన్నాను. జీవితంలో మొదటిసారి ఆమెకి ఎదురు మాట్లాడాను. "ఊరే వదలమంది. మీకేం అడ్డం?"

"ఊరు వదలమనలేదు. ఊరి నోరు వదలమంది."

"మీరు అతన్ని చూడటానికి భయపడుతున్నారు."

"అవును" అంది. "నీళ్లలో నాలుగు నెలలున్నవాడు ఎలా ఉంటాడో నాకు తెలుసు. నీకు తెలియదు. ఈ కట్టకి ఇంతకుముందు ఇద్దరు శవాలై కొట్టుకొచ్చారు. విను పిల్లా. ఇవాళ వదిలితే వాడు మనకు దొరుకుతాడు. చలికాలంలో ఆ అయిదుగురు పిల్లల తండ్రి మన గుమ్మం ముందునుంచి పోతూ ఏమనుకుంటాడు? బయటికి అనడు. మనసులో అనుకుంటాడు. ముసలిది గుర్తు పెట్టడం మరిచి కొడుకుని చంపింది, ఆపైన మా పిల్లల్ని మాడ్చింది అని. వాడి పేరు ఆ మాటతోనే గుర్తుంటుంది వీళ్లకి. నాకది వద్దు. వాడి సమాధి దగ్గర ఊరివాళ్లు మంచిగా నిలబడాలి."

"మరిచింది మీరు కాదు" అన్నాను. "నేను చెప్పేస్తాను. ఇవాళే కిందికి వెళ్లి చెప్పేస్తాను."

"చెప్పి ఏం చేస్తావు? రేపు నీ పుట్టింటివాళ్లకి కబురు పోతుంది. పిల్లని ఎవరు ఉంచుకోవాలని రెండు వైపులా కూర్చుని తేలుస్తారు. ఆ పిల్ల పెద్దయ్యాక ఎవరో ఒకరు దాని చెవిలో వేస్తారు, మీ నాన్న మీ అమ్మ వల్ల పోయాడని. నా గురించి వేస్తే ఏముంది, ముసలిదాన్ని, నాలుగు తిట్లు తిని పోతాను." లేచి వచ్చి చక్రం మీద నా చేతుల పక్కన చేతులు వేసింది. "ఎన్ని చుట్లు తిప్పావు?"

"అయిదు."

"లెక్క తప్పితే కింద కాలవ తెగుతుంది. నిజం చెప్పు."

"అయిదే."

ఇద్దరం కలిసి అయిదు చుట్లూ వెనక్కి తిప్పాం. ఆ రోజు ఫోనులో నీళ్లు ఎందుకు తగ్గాయని అడిగితే, "కమ్ములు శుభ్రం చేశాను" అని చెప్పింది.

ఆగస్టు ఆఖరుకి మూడో తడి అయిపోయింది. ఊళ్లో దుంపలు తవ్వడం మొదలుపెట్టారు. ఆఫీసుకి చెప్పి, అపా తూము పూర్తిగా ఎత్తింది. ఆ అయిదు రోజులూ మేము కట్ట మీదే కూర్చున్నాం, పాపని కూడా తెచ్చుకుని. అన్నం కూడా అక్కడే. నీళ్లు పోతుంటే ఒండ్రు బయటపడింది, పాత మొద్దులు, ఎవరిదో బకెట్టు, గుర్రపు నాడాలు. చేపలు కొట్టుకుంటుంటే గద్దలు వచ్చి వాలాయి. ఎలుగుబంటి ఒకటి పై ఒడ్డునుంచి చూసి వెళ్లింది. ఊరి మగవాళ్లు పలకలు పరుచుకుంటూ బురదలోకి దిగారు. వచ్చినవాళ్లలో ఆ నలుగురూ ఉన్నారు.

ఆరో రోజు మధ్యాహ్నం పాత వాగు గాడిలో దొరికాడు. ఒండ్రు కప్పి ఉండటంతో తేలలేదట. మమ్మల్ని దగ్గరికి రానివ్వలేదు. ఉన్ని కంబళిలో చుట్టి తెచ్చారు. కంబళి అంచునుంచి కోటు చెయ్యి ఒకటి బయటికి ఉంది. మణికట్టు దగ్గర గుండీ ఊడితే నేను వేరే రంగు గుండీ కుట్టాను. అది చూశాను. ఇంకేమీ చూడలేదు.

ఆ సాయంత్రమే గుడారం వేశారు. అపా తన పెట్టెలోంచి నల్లగుడ్డ తీసి నా తలకి తనే కట్టింది. పూల రుమాలు మడిచి పెట్టెలో పెట్టింది. ఆడవాళ్లందరం గోడవైపు తిరిగి కూర్చున్నాం. ముందు తల్లి అందుకోవాలి. అపా గొంతు ఎత్తింది. అతను పుట్టిన చలికాలం గురించి పాడింది, మొదటిసారి గుర్రం మీదినుంచి పడ్డ రోజు గురించి పాడింది. తర్వాత పై దారికి వచ్చింది. కర్ర పాతడం మరిచిన చేతులివే, ఈ చేతుల్ని చూడండి, వాడు టోపీ ఊపితే ఈ చేతులే ఊగాయి అని పాడింది. వెనక కూర్చున్న ఆడవాళ్లు ఏడ్చారు. కొందరు నాలుక చప్పరించారు. అనార్‌కుల్ నా పక్కనే ఉంది. ఆ పండగ ముందు రోజు నేను ఎంతసేపు వాళ్లింట్లో ఉన్నానో ఆమెకి తెలుసు. ఎందుకో ఆమెకి ఆ లెక్క తట్టలేదు. లేక తట్టీ ఊరుకుందో.

తర్వాత నా వంతు. భార్య పాడాలి. నోరు తెరిచాను. మంచివాడివి, నవ్వేవాడివి, పిల్లని ఎత్తుకుని అడవి చూపించేవాడివి అని పాడాను. కర్ర సంగతి పాడలేదు. అపా మోకాలు నా మోకాలికి ఆని ఉంది. నేను తప్పు మాట అంటానేమోనని భయపడిందో, అంటే బాగుండునని అనుకుందో, ఆ మోకాలు కదల్లేదు.

మర్నాడు మగవాళ్లు ఎత్తుకుని వెళ్లారు. ఆడవాళ్లం సమాధుల దగ్గరికి వెళ్లం. ఎత్తేముందు ముల్లా ఇంటి ముందే నిలబడి, ఈయన ఎలాంటి మనిషి అని అడిగాడు. మంచివాడు, మంచివాడు అని ఊరంతా ఒక్క గొంతుతో అంది. ఆ గొంతు మెత్తగా, నిండుగా ఉంది. ఎవరి మనసులోనూ వేరే మాట లేదు. అపా గుడారంలోంచి చెవి పెట్టి విన్నది.

మధ్యాహ్నానికి తిరిగి వచ్చారు. సత్కిన్ తాతని ఇద్దరు పట్టుకుని దించారు. అపా గుడారం తలుపు పట్టుకుని లేచి నిలబడింది. ఆరు నెలల్లో ఆమె ఊరివాళ్లనెవరినీ ఏమీ అడగ్గా నేను వినలేదు.

"ఎక్కడ పెట్టారు తాతా?"

"మీ ఆయన పక్కన కాదమ్మా. అక్కడ చోటు పల్లంగా ఉంది. పైన, గుట్ట మీద తవ్వించాను."

"లోతుగా తవ్వారా?"

"నిలువెత్తు."

"అడుగున చెమ్మ ఉందా?"

తాత చొక్కా చేతిలోంచి కొంచెం మట్టి దులిపి ఆమె అరచేతిలో పోశాడు. పిండిలా ఉంది, వేళ్ల మధ్యనుంచి జారిపోతోంది.

"చూడు. ఒక్క చుక్క లేదు."

ఆమె ఆ మట్టిని బొటనవేలితో చాలాసేపు రుద్ది చూసింది. తర్వాత చెయ్యి మూసుకుని లోపలికి వెళ్లి, గోడవైపు తిరిగి, కూర్చున్నచోటే ఒరిగి నిద్రపోయింది. ఆడవాళ్లు నిద్ర లేపబోతే నేను వద్దన్నాను.